నడిస్తే మైగ్రేన్ వస్తోందా? నడక మానకుండా ఏం చేయాలి?

విశాఖలో కైలాసగిరి కొండ మెట్లు సగం ఎక్కేసరికి నాకు కుడి కణత దగ్గర నరం కొట్టుకోవడం మొదలయ్యేది. ఇంటికొచ్చాక వెలుతురు చూడలేక కర్టెన్లు వేసుకుని పడుకోవడమే. "ఆ నడక మానెయ్" అనేది అమ్మ. దయచేసి మానకండి. క్రమం తప్పని నడక చాలామందికి మైగ్రేన్‌ను తగ్గిస్తుంది. ఒక్కసారిగా పడే శ్రమతోనే చిక్కు.

శ్రమ చేసినప్పుడు తలనొప్పి మొదటిసారి వస్తే ముందుగా డాక్టర్‌కి చూపించుకోండి. నొప్పి పిడుగు పడ్డట్టు వచ్చినా, మెడ పట్టేసినా, మాట తడబడినా, స్పృహ తప్పినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. మెదడులో రక్తస్రావమైనప్పుడూ ఇలాగే వస్తుంది.

మైగ్రేనే అని తేలాక మూడు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎన్నింటికి నడిచారు, ఏం తిన్నారు, ఎంత నిద్రపోయారు, నొప్పి ఎప్పుడొచ్చింది. నా నోట్‌బుక్‌లో నొప్పి వచ్చిన రోజులన్నీ ఒకేలా ఉన్నాయి: ఖాళీ కడుపు, ఆలస్యంగా లేవడం, ఎండెక్కాక హడావిడి.

కాబట్టి అరగంట ముందే ఒక అరటిపండు తిని, గ్లాసుడు నీళ్లు తాగి బయల్దేరండి. విశాఖ ఉక్కపోతలో చెమట తొందరగా ఆరదు, ఒంటి వేడి దిగదు. సముద్రపు గాలి చల్లగా తగులుతోందని మోసపోవద్దు, నీళ్ల సీసా వెంట ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం మొదటి పది, పదిహేను నిమిషాలు. మెట్ల దగ్గర మొదలుపెట్టకండి. బీచ్ రోడ్డులో చదునుగా ఉన్నచోట, పక్కవాళ్లతో ఆయాసం లేకుండా కబుర్లు చెప్పగలిగేంత నిదానంగా నడవండి. ఆ తర్వాతే వేగం. మాట మధ్యలో ఊపిరి అందకపోతే తగ్గించేయండి. నడిచే సమయాన్ని వారానికి ఐదు నిమిషాలకు మించి పెంచొద్దు. ఆపేటప్పుడు కూడా మెల్లగా ఆపాలి. జిమ్‌లో బరువైనా, ఇంట్లో గ్యాస్ సిలిండరైనా, ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి.

సింహాచలం గిరి ప్రదక్షిణ చేయాలనుందా? అది 32 కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమికి చాలా నెలల ముందునుంచే నడక పెంచుకుంటూ రండి.

నొప్పి మొదలైతే అక్కడే ఆగి నీడలో కూర్చోండి. డాక్టర్ రాసిన మాత్ర అప్పుడే వేసుకోండి, ముదిరాక వేస్తే అంతగా పనిచేయదు. అలాగని వారంలో రెండు రోజులకు మించి మాత్ర అవసరమవుతుంటే మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎక్కువగా వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి.