పాత కారు ఇగ్నిషన్ లాక్ విప్పే ముందు

పాత మారుతి 800, జెన్, ఆల్టో బళ్లలో కీ ఒకటికి నాలుగుసార్లు కదిపితే గానీ తిరగకపోవడం మామూలే. 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది, అంటే అందులో ఆఖరి బండికి కూడా వయసు మీదపడినట్టే. లాక్ మొరాయిస్తోందంటే పూర్తిగా బిగుసుకుపోయేదాకా ఆగకండి. కీ కాస్తో కూస్తో తిరుగుతున్నప్పుడే పని పెట్టుకోవాలి. చాలా కార్లలో కీ దూరే బ్యారెల్ ఊడి రావాలంటే కీని ఏసీసీ (ఇంజిన్ లేకుండా రేడియో లాంటివి పనిచేసే చోటు) దగ్గరికి తిప్పి, పక్కనున్న సన్నని రంధ్రంలోంచి పిన్ను నొక్కాలి. కీ తిరగనని మొండికేస్తే ఆ దారి లేదు, చాలావరకు డ్రిల్లింగే మిగులుతుంది.

లాక్ అని మనం అనేది నిజానికి మూడు భాగాలు: కీ దూరే బ్యారెల్, స్టీరింగ్‌ను పట్టేసే గడియ, వెనకాల కరెంటు స్విచ్. ఏది పోయిందో తేల్చుకోకుండా మొత్తం మార్చేస్తే డబ్బు దండగ.

కీ తిరగకపోతే ముందు స్టీరింగ్ చూడండి. చక్రాలు మెలితిరిగి ఉన్నప్పుడు బండి ఆపితే ఆ ఒత్తిడంతా గడియ మీదే పడుతుంది. ఒక చేత్తో స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తూ, రెండో చేత్తో కీ తిప్పాలి. కీకి పట్టకారు తగిలించి బలవంతం చేస్తే అది లోపలే విరుగుతుంది. విరిగిన ముక్కను ఫెవిక్విక్‌తో అంటించి లాగుదామనుకుంటే బ్యారెల్ మీద ఆశ వదులుకోవాల్సిందే. తర్వాత రెండో కీతో ప్రయత్నించండి. అది హాయిగా తిరిగితే అరిగింది లాక్ కాదు, రోజూ వాడే కీ పళ్లు. డూప్లికేట్ ఆ అరిగిన కీ చూసి కోయిస్తే అరుగుదల కూడా నకలవుతుంది. వాడని కీ నుంచో, బండితో ఇచ్చిన నంబరు బిళ్లను బట్టో కోయించాలి.

కొబ్బరి నూనె, ఇంజిన్ ఆయిల్ చుక్కలు వేసే అలవాటు మానుకోండి. రెండు రోజులు బాగానే ఉంటుంది, ఆ తర్వాత దుమ్ము పట్టి లోపలి రేకులు జిగటగా అతుక్కుపోతాయి. గ్రాఫైట్ పొడి వాడండి, అదీ చిటికెడే. గ్రాఫైట్‌లో కరెంటు ప్రవహిస్తుంది కాబట్టి ఎక్కువ పోసి స్విచ్ దాకా జారనివ్వకూడదు.

కీ తేలిగ్గా తిరుగుతూనే సెల్ఫ్ అందుకోకపోయినా, కీ కదిపితే డాష్‌బోర్డ్ లైట్లు పోయి వస్తున్నా స్విచ్‌ను అనుమానించాలి. ముందు బ్యాటరీ టెర్మినళ్లు, ఫ్యూజులు చూసేయండి. పూర్తిగా చార్జయిన మంచి బ్యాటరీ, ఇంజిన్ ఆపి లోడేమీ లేనప్పుడు 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది. బండిని న్యూట్రల్‌లో పెట్టి, ఒకరు కీని స్టార్ట్‌లో పట్టుకుని ఉండగా సెల్ఫ్ మోటారు సొలినాయిడ్‌కు (మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) వెళ్లే సన్నవైరు దగ్గర వోల్టు మీటరు పెట్టండి. అదే క్షణంలో బ్యాటరీ దగ్గర ఉన్న వోల్టేజీకీ దీనికీ ఒక వోల్టు మించి తేడా ఉంటే దారిలో కాంటాక్టులు మాడాయన్నమాట. స్విచ్ మార్చాక అదే మళ్లీ మాడకుండా సొలినాయిడ్‌కు విడిగా 12 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టించండి. దాని కాళ్ల మీది నంబర్ల ప్రకారం: 30కి ఫ్యూజుతో బ్యాటరీ లైను, 87 నుంచి సొలినాయిడ్‌కు, 86కి స్విచ్ స్టార్ట్ వైరు, 85కి ఎర్త్. చవకైన ఏర్పాటు, మా లెక్కలో పాత బండికి తప్పనిసరి.

ఇక విప్పే పని. బండి చదునైన చోట, న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద ఇటుకలు పెట్టి ఉండాలి. పాత బళ్లలో క్లచ్ తొక్కకపోయినా సెల్ఫ్ తిరుగుతుంది. గేరులో ఉండగా స్టార్ట్ వైరు తగిలితే బండి ముందుకు దూకుతుంది. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌ను 10 నంబరు స్పానర్‌తో విప్పి, గుడ్డ చుట్టి పక్కకు పెట్టండి. కీ తీసేసినా స్విచ్‌కు వచ్చే మెయిన్ లైనులో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. అది స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ కింది గొట్టం) ఇనుముకు తగిలితే వైరు కాలిపోతుంది. స్టీరింగ్ మీద ఎస్‌ఆర్‌ఎస్ అని ఉంటే ఎయిర్‌బ్యాగ్ ఉందని అర్థం. ఆ పని వర్క్‌షాప్‌కు వదిలేయండి.

లాక్‌ను కాలమ్‌కు పట్టి ఉంచే బోల్టులకు తల ఉండదు. దొంగలు విప్పకూడదని బిగించేటప్పుడే తల తెగేలా చేస్తారు. సెంటర్ పంచ్ (మొనదేలిన ఉక్కు కడ్డీ) ఏటవాలుగా పెట్టి, సుత్తితో మెల్లగా కొడుతూ ఎడమకు తిప్పుకుంటూ రావాలి. పెద్ద దెబ్బలు కొడితే కాలమ్ దెబ్బతింటుంది. కొత్త బోల్టులు ముందే తెచ్చి పెట్టుకోండి. బిగించేటప్పుడు కీని ఆన్‌లో ఉంచి లాక్‌ను కాలమ్ మీద కూర్చోబెట్టి, కీ తీసి, స్టీరింగ్ తిప్పి గడియ పడుతోందో లేదో చూశాకే తలలు తెగేదాకా బిగించాలి. తర్వాత మళ్లీ కీ ఆన్ చేసి స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పండి. ఎక్కడైనా గీసుకుంటున్నట్టు అనిపిస్తే ఆ బండిని రోడ్డెక్కించకూడదు.

దొంగతనం జరక్కుండా లోపల ఎలక్ట్రానిక్ చిప్ ఉన్న కీ అయితే బ్యారెల్ మార్చినంత మాత్రాన ఇంజిన్ అందుకోదు. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం లేవదు. పాత కీలోని చిప్‌ను కొత్త కీలోకి మార్పించడమో, కొత్త చిప్‌ను బండిలోని కంప్యూటర్‌తో కలిపించడమో చేయాలి.

వైర్లు కలిపి పుష్ బటన్ పెట్టేద్దామనే సలహా వింటూనే ఉంటారు. కీ లేకుండా ఇంజిన్ నడిచినా గడియ మాత్రం స్టీరింగ్‌ను పట్టేసేలా బయటికి పొడుచుకునే ఉంటుంది. మొదటి మలుపులో స్టీరింగ్ బిగుసుకుంటుంది.

అంతా అయ్యాక కీ స్టార్ట్ నుంచి వదలగానే స్ప్రింగ్‌తో ఆన్‌కు తిరిగి వస్తోందా అని పదిసార్లు చూడండి. అక్కడే ఆగిపోతే ఇంజిన్ నడుస్తున్నా సెల్ఫ్ తిరుగుతూనే ఉండి మోటారు కాలిపోతుంది. ఈ పరీక్ష జరుగుతున్నంతసేపూ బానెట్ తెరిచి, వెంటనే బ్యాటరీ టెర్మినల్ విప్పేందుకు స్పానర్ చేతిలో ఉంచుకోండి.

కీ గుత్తి కూడా తేలిక చేయండి. 2014లో జనరల్ మోటార్స్ అమెరికాలో లక్షల కార్లను వెనక్కి పిలిపించింది ఇలాంటి స్విచ్ లోపంతోనే: గుత్తి బరువుకో, గుంతలో పడిన కుదుపుకో కీ ఏసీసీకి జారేది, ఇంజిన్ ఆగేది, ఎయిర్‌బ్యాగ్ పనిచేసేది కాదు. ఆ ప్రమాదాల్లో 124 మరణాలకు పరిహారం చెల్లించారు. అరిగిన లాక్ ఉన్న బండికి ఒక్క కీ చాలు, బీరువా తాళాలు వేరే గుత్తిలో పెట్టుకోండి.

పాత కీలు, మార్చిన లాక్ బిల్లు పారేయకండి. బండి పోయిందని క్లెయిమ్ పెడితే బీమా కంపెనీ మొదట అడిగేది రెండు కీలనే.