వాన రోజుల్లో రెండేళ్ల పిల్లల్ని ఇంట్లో ఆడించే ముందు

పల్లీలు, శనగలు, చింతగింజలు ఆటకు ఇవ్వొద్దు. నవ్వుతూనో ఏడుస్తూనో ఊపిరి పీల్చినప్పుడు గింజ ఊపిరిగొట్టంలోకి జారిపోతుంది. గిన్నెల్లోకి మార్చే ఆటకు పిల్లల గుప్పెట కన్నా పెద్ద ఉల్లిపాయలు, బంగాళాదుంపలు పెట్టండి.

నీళ్లాటకు బేసిన్‌లో రెండంగుళాలు చాలు, మీరు పక్కనే కూర్చోవాలి. అవగానే బోర్లించండి. నిండు బకెట్‌లోకి వంగిన బిడ్డ తలబరువుకు లోపలికి పడుతుంది, పైకి లేవలేదు.

పాటలు పాడే బొమ్మలో బ్యాటరీ మూతకు స్క్రూ ఉందా? బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలుతుంది.

పిండిముద్దలకు ఉప్పు వద్దు, ఎలాగూ నోట్లో పెడతారు. కప్పు గోధుమపిండి, చెంచా నూనె, చిటికెడు పసుపు.

బెలూన్లు అసలొద్దు. పగిలిన ముక్క గొంతుకు అతుక్కుంటుంది.