ఎం.ఏ. ఇంగ్లిష్‌లో చేరే ముందు పాత ప్రశ్నపత్రాలు తిరగేయండి

డిగ్రీ అయ్యాక ఎం.ఏ. ఇంగ్లిష్ చేద్దామనుకునేవాళ్లు సాధారణంగా యూనివర్సిటీల పేర్లు రాసుకుని మొదలుపెడతారు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఇంగ్లిష్ అనే బోర్డు కింద మూడు వేర్వేరు చదువులున్నాయి. సాహిత్యమంటే కవిత్వం, నాటకం, నవల, విమర్శ. భాషాశాస్త్రమంటే ధ్వనులు, పదనిర్మాణం, వాక్యనిర్మాణం. నవలల జోలికి దాదాపు పోరు. ఇంగ్లిష్ బోధన అంటే పాఠాలు, పరీక్షలు ఎలా తయారుచేయాలి, తరగతిలో ఎలా చెప్పాలి అన్నది. ఇంగ్లిష్ గడగడా మాట్లాడటం కోసం సాహిత్యంలో చేరితే రెండేళ్లు వృథా. దానికి మంచి స్పోకెన్ కోర్సు చాలు.

హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) 1958లో ఇంగ్లిష్ టీచర్లకు శిక్షణ ఇచ్చే కేంద్రంగా పుట్టింది. బోధన, భాషాశాస్త్రం అక్కడ మొదటినుంచీ ఉన్నవే, సాహిత్యమూ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సాహిత్యానికి ఇంగ్లిష్ శాఖ ఉంటే, అనువర్తిత భాషాశాస్త్రం (అప్లైడ్ లింగ్విస్టిక్స్), అనువాదాలకు వేరే కేంద్రముంది. కాబట్టి యూనివర్సిటీ పేరు చూసి దరఖాస్తు నింపేయకుండా ప్రోగ్రామ్ పేరు రెండుసార్లు చదవండి. రేపు సర్టిఫికెట్ మీద పడేది ఆ పేరే. జూనియర్ లెక్చరర్ నోటిఫికేషన్లు సంబంధిత సబ్జెక్టులో పీజీ అడుగుతాయి. డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీ లెక్చరర్లకు పెట్టే అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో కూడా ఇంగ్లిష్, లింగ్విస్టిక్స్ వేర్వేరు సబ్జెక్టులు.

అర్హత దగ్గర మనవాళ్లు ఎక్కువగా బోల్తాపడే చోటు జనరల్ ఇంగ్లిష్. బీకాం, బీఎస్సీల్లో అందరూ చదివే ఆ పేపర్ భాషా పేపర్ మాత్రమే. డిగ్రీలో ఇంగ్లిష్ లిటరేచర్ ఆప్షనల్‌గా ఉండాలని నోటిఫికేషన్‌లో రాసి ఉంటే ఆ పేపర్ లెక్కలోకి రాదు. ఏ డిగ్రీ అయినా సరే అని రాసి ఉంటే ఇబ్బంది లేదు. ఆ తర్వాత బీఈడీ చేసి స్కూల్ అసిస్టెంట్ కావాలనుకునేవాళ్లు ఇంకో గడప కూడా చూసుకోవాలి: మీ డిగ్రీలతో బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో ఇంగ్లిష్ మెథడాలజీ ఇస్తారా లేదా అని.

ఇప్పుడు అసలు పని. ప్రతి యూనివర్సిటీవీ నాలుగైదు పాత ప్రశ్నపత్రాలు సంపాదించండి. సీనియర్ల దగ్గర, లైబ్రరీలో దొరుకుతాయి. ఒక రకం పేపర్‌లో ఫలానా నాటకంలో విధి పాత్రను చర్చించండి అని ఉంటుంది. అదే ప్రశ్న రెండు మూడేళ్లకోసారి మళ్లీ తలెత్తుతుంది. గైడు బట్టీపట్టినవాడికి అక్కడ ఫస్ట్ క్లాస్ ఖాయం, నాటకం తెరవకపోయినా సరే. ఇంకో రకం పేపర్‌లో సిలబస్‌లో లేని పద్నాలుగు పంక్తుల కవిత అచ్చువేసి, ఎనిమిదో పంక్తి దాటాక గొంతు ఎలా మారింది, పంక్తిని విరిచిన తీరు ఆ మార్పుకు ఏం సాయం చేసింది అని అడుగుతారు. ఈ ప్రశ్నకు ఏ గైడూ ఆదుకోదు. రెండో రకం పేపర్లు పెట్టేచోట మార్కులు కాస్త తగ్గినా చదవడం వస్తుంది. నా ఓటు అక్కడికే.

అయితే మార్కుల లెక్కా మరిచిపోకూడదు. నెట్ రాయాలంటే పీజీలో 55 శాతం ఉండాలి; ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 50. పైకి సవరించడం కుదరదు, 54.9 అంటే 55 కాదు. గ్రేడ్లు ఇచ్చేచోట వాటిని శాతంలోకి మార్చే సూత్రం ఏమిటో ముందే అడగండి.

చదవాల్సిన పేజీల లెక్క కూడా వేసుకోవాలి. తెలియని ఇంగ్లిష్ నవల ఒకటి తీసి గంటసేపు చదివి పేజీలు లెక్కపెట్టండి. గంటకు 12 వచ్చాయనుకుందాం. 400 పేజీల నవలకు 33 గంటలు, రోజుకు రెండు గంటల చొప్పున 17 రోజులు. నవలల పేపర్‌లో అలాంటివి మూడుంటే 50 రోజులు దానికే పోతాయి. సెమిస్టర్‌లో పనిదినాలు 90 వరకు ఉంటాయి, మిగతా పేపర్లు మూడో నాలుగో ఉంటాయి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఈ లెక్క చూసి వెనక్కి తగ్గక్కర్లేదు. చేరడానికి ముందున్న రెండు నెలల్లో మొదటి సెమిస్టర్ నవలలు చదివేసుకుంటే చాలావరకు గట్టెక్కుతారు.

సిలబస్ కాపీలో ఆప్షనల్ పేపర్లు పదో పన్నెండో ఉంటాయి, చూడముచ్చటగా. చెప్పేవాళ్లు లేక అందులో రెండో మూడో మాత్రమే నడుస్తుంటాయి. దళిత సాహిత్యం, అనువాదం వంటి పేపర్ కోసమే ఒక చోటికి వెళ్తుంటే, పోయిన ఏడాది అది నడిచిందా, ఎవరు చెప్పారు, ఆయన ఇంకా రెగ్యులర్ ఉద్యోగంలో ఉన్నారా అని రెండో ఏడాది విద్యార్థిని అడగండి. ఆఫీసులో అడిగితే చేతికి సిలబస్ కాపీ ఇచ్చి పంపుతారు.

లెక్చరర్ కావాలనుకుంటే నెట్ ఇంగ్లిష్ సిలబస్‌లోని పది యూనిట్లు పక్కన పెట్టుకుని పోల్చండి. నాటకం, కవిత్వం, కథ, నవల ఎక్కడైనా ఉంటాయి. తరచూ కొరతపడేవి భాషాబోధన, సాంస్కృతిక అధ్యయనాలు, పరిశోధనా పద్ధతులు. వీటిలో రెండు లేకపోయినా సొంతంగా నెట్టుకురావచ్చు. మూడూ లేకపోతే ఆ యూనివర్సిటీని జాబితాలో కిందికి దించండి.

ప్రవేశ పరీక్షల సంగతి క్లుప్తంగా: ఉస్మానియా, కాకతీయ వంటివాటికి తెలంగాణ ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, నాగార్జునలకు ఏపీ పీజీసెట్. రెండింటిలోనూ 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి దేశవ్యాప్త ఉమ్మడి పరీక్ష సీయూఈటీ పీజీ. అందులో ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి, కాబట్టి గుడ్డిగా గుర్తు పెట్టకూడదు. ఇఫ్లూ నోటిఫికేషన్‌ను విడిగా చూసుకోవాలి.

ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు ఇగ్నో, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉన్నాయి. ఇగ్నోలో పరీక్ష తప్పకపోయినా, అసైన్‌మెంట్లు గడువులోగా ఇవ్వకపోతే వెనకబడిపోతారు. ఇంకే దూరవిద్య సంస్థ అయినా, మీరు చేరే ఏడాదికి, ఆ ప్రోగ్రామ్‌కే యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూడండి.

వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒకే కాలేజీలో రెగ్యులర్ సీటు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటు వేర్వేరు కోడ్‌లతో కనిపిస్తాయి. ఫీజు తేడా చాలా ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్, హాస్టల్ దేనికి వర్తిస్తాయో కనుక్కున్నాకే ఆప్షన్ల వరుస ఖాయం చేయండి.