బొమ్మ చూసి కథ రాయాలంటే

పెయింటింగ్ చూసి కథ రాద్దామని కూర్చుంటే ఎవరైనా మొదట చేసేది అందులో ఏముందో వర్ణించడమే, నేనూ అదే చేశా, ఆకాశం రంగు, నీళ్ళ రంగు అంటూ రెండు పేజీలు నింపి ఫ్రెండ్‌కి పంపిస్తే "ఆ బొమ్మే పంపొచ్చుగా" అన్నాడు.

అందుకే రంగుల జోలికి పోకండి. ఎవరు ఎక్కడున్నారు, ఎటు చూస్తున్నారు, ఈ రెండే కాగితం మీద రాసుకోండి. నేను ప్రాక్టీస్ చేసింది బ్రూగెల్ అనే పాతకాలం చిత్రకారుడి పేరు మీదున్న ఇకరస్ బొమ్మతో, బ్రస్సెల్స్ మ్యూజియంలో ఉంది, నెట్‌లో పెద్ద సైజులో దొరుకుతుంది (ఆయన అసలు బొమ్మకి ఇది కాపీ అనేవాళ్ళు చాలామందే ఉన్నారు, మన పనికి అడ్డం కాదులెండి). మైనంతో అతికించిన రెక్కలతో సూర్యుడి దగ్గరదాకా ఎగిరి, మైనం కరిగి సముద్రంలో పడిపోయిన ఇకరస్ అనే కుర్రాడి కథ అది. బొమ్మలో మాత్రం ముందు కనపడేది గుర్రంతో దున్నుకుంటున్న రైతు, తర్వాత గొర్రెలకాపరి, తెరచాపల ఓడ. కుర్రాడేడీ అని వెతికితే కింద కుడి మూలన నీళ్ళలోంచి రెండు కాళ్ళు, అంతే.

ఇప్పుడు మూలకథ తీయండి, ఈ స్టెప్ మాత్రం వదలొద్దు. 2000 ఏళ్ళ కిందట లాటిన్‌లో ఓవిడ్ అనే కవి రాసినదాంట్లో జాలరి, కాపరి, రైతు ముగ్గురూ గాల్లో ఎగిరే ఆ కుర్రాణ్ణీ వాళ్ళ నాన్ననీ చూసి దేవుళ్ళేమో అని నోరెళ్ళబెడతారు. బొమ్మలో ఆ ముగ్గురూ ఉన్నారు, పడినవాణ్ణి చూసినవాడు ఒక్కడూ లేడు! కాపరి తల పైకెత్తాడు గానీ అటు ఎవరూ లేరు, జాలరి ఆ కాళ్ళకి దగ్గర్లోనే కూర్చుని తన గాలం చూసుకుంటున్నాడు. రాసినాయన ఆశ్చర్యపోయేలా చేసినవాళ్ళని గీసినాయన పనిలో పెట్టేశాడు. మనం ఎత్తుకోవాల్సింది ఈ మార్పునే.

నేనైతే పెళ్ళి భోజనాల కథలో వాడా. పెళ్ళికూతురి తమ్ముడు బ్యాగేసుకుని ఇల్లొదిలి వెళ్ళిపోతాడు, అసలు కథ అదే, కానీ రాసింది "సాంబారు బకెట్ పట్టుకున్నతను పక్కకి జరిగి దారిచ్చాడు, ఈ వరసకి ఇంకా పప్పు రాలేదు" అని ఒక్క ముక్క. మిగతా పేజీ అంతా విస్తర్లూ, నెయ్యీ, గొడవలూ. కాకపోతే ఆ పిల్లాడు రెండు పేరాల ముందు ఒకసారి కనపడి ఉండాలి, లేకపోతే చదివేవాళ్ళకి వెళ్ళింది ఎవరో కూడా తెలీదు, నా మొదటి డ్రాఫ్ట్ అక్కడే తన్నింది.

ఇంకోటి, బొమ్మ పేరు కథలో రానివ్వకండి. నేను టైటిల్ 'ఇకరస్' అని పెట్టుకుని వారం మురిసిపోయా, తర్వాత తీసేసి 'మూడో బంతి' అని మార్చా.