జర్మనీ పల్లెలో చిరునామా నమోదు: ఇంటి యజమాని ధ్రువపత్రం లేనిదే పని కాదు

జర్మనీ వచ్చే మన విద్యార్థులందరూ బెర్లిన్‌లోనో మ్యూనిక్‌లోనో దిగరు. ట్రియర్ హోచ్‌షూలే అనే విశ్వవిద్యాలయానికి చెందిన బిర్కెన్‌ఫెల్ట్ క్యాంపస్ ఉన్నది రైన్‌లాండ్-ఫల్జ్ రాష్ట్రంలోని హోప్‌ష్టేటెన్-వైయర్స్‌బాఖ్ అనే పల్లెలో. హాస్టల్ దొరకనివారు చుట్టుపక్కల ఊళ్లలో గది చూసుకుంటారు.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా చిరునామా నమోదు (ఆన్‌మెల్డుంగ్) చేయించుకోవాలి. ఇలాంటి చిన్న ఊళ్లలో మేయరు తన ఉద్యోగం తాను చేసుకుంటూ గౌరవ హోదాలో పనిచేస్తారు. ఈ నమోదు ఆయన చేతిలో ఉండదు. కొన్ని ఊళ్లకు కలిపి ఉండే ఫెర్‌బాండ్స్‌గెమైండె కార్యాలయానికి వెళ్లాలి. పనివేళలు తక్కువ, బస్సులూ తక్కువే, కాబట్టి ముందే ఫోను చేసి సమయం తీసుకోండి. పాస్‌పోర్టు, నింపిన దరఖాస్తు, ఇల్లు ఇచ్చినవారి ధ్రువపత్రం పట్టుకెళ్లండి. రుసుము లేదు.

చాలామంది వెనక్కి తిరిగి రావలసి వచ్చేది వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ దగ్గర. మీరు ఫలానా తేదీన ఫలానా ఇంట్లో చేరారని ఇల్లు ఇచ్చినవారు రాసిచ్చే ధ్రువపత్రం ఇది. అద్దె ఒప్పందం ఎన్ని పేజీలున్నా దీనికి బదులు కాదు. ఇల్లు ఇచ్చినవారి పేరు, చిరునామా, మీరు చేరిన తేదీ, ఇంటి చిరునామా, చేరినవారందరి పేర్లు అందులో ఉండాలి. ఇల్లు ఇచ్చినవారు యజమాని కాకపోతే యజమాని పేరు కూడా రాయాలి. మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. మన ఇంటిపేర్లు ముందు వెనుకలవడం తరచుగా జరుగుతుంది.

ఈ పత్రం ఇవ్వడం యజమాని దయ కాదు, 2015 నవంబర్ 1 నుంచి అమల్లో ఉన్న సమాఖ్య నమోదు చట్టం ప్రకారం బాధ్యత. ఇవ్వనంటే భయపడి ఊరుకోకండి. ఆ సంగతి వెంటనే కార్యాలయానికి చెప్పండి. అలా చెప్పమనేదీ ఆ చట్టమే.

గది లేకుండా చిరునామా మాత్రం అమ్ముతామనే దళారుల మాట అసలు వినవద్దు. ఉండని ఇంటి చిరునామా ఇచ్చేవారికి 50,000 యూరోల వరకు జరిమానా పడవచ్చు. మీకూ జరిమానా తప్పకపోవచ్చు. ఎవరింట్లో ఎవరుంటున్నారో అందరికీ తెలిసే పల్లెలో ఇలాంటిది దాగదు.

దరఖాస్తులో మతం గురించి అడిగితే నిజమే రాయండి. కాథలిక్, ప్రొటెస్టెంట్ చర్చి సభ్యులకు జీతం మీద పన్ను పడినప్పుడు, ఆ పన్నులో 9 శాతం చర్చి పన్నుగా అదనంగా పోతుంది. హిందువులు, ముస్లింలకు ఆ పన్ను లేదు.

నమోదు పత్రం చాలావరకు అక్కడికక్కడే చేతికిస్తారు. ఇంటికి రాగానే తపాలా పెట్టె మీద మీ పేరు అంటించండి. పన్ను గుర్తింపు సంఖ్య కొన్ని వారాల్లో ఉత్తరంగా వస్తుంది. పెట్టె మీద పేరు కనిపించకపోతే ఆ ఉత్తరం వెనక్కి వెళ్లిపోవచ్చు.