గర్భిణులు, బాలింతలు ఫిషర్ బాధను క్షేమంగా తగ్గించుకోవడం ఎలా?

విరేచనానికి వెళ్లినప్పుడు గాజుపెంకు కోసినట్టు నొప్పి, వచ్చి పడుకున్నాక కూడా గంటో రెండు గంటలో వదలని మంట, కడుక్కునేటప్పుడు చేతికి అంటే ఎర్రటి చుక్క. ఈ మూడూ కలిసి కనిపిస్తే అది చాలావరకు ఫిషర్, అంటే మలద్వారం అంచున చర్మంలో పడిన సన్నని చీలిక. మన ఇళ్లలో ఆ ప్రాంతంలో ఏ బాధ వచ్చినా మొలలనే అంటారు. కానీ లోపలి మొలల్లో రక్తం బాగా పడినా సాధారణంగా నొప్పి ఉండదు, ఫిషర్‌లో రక్తం కొద్దిగానే ఉన్నా నొప్పి ప్రాణం తోడేస్తుంది.

గర్భం ధరించాక పెరిగే ప్రొజెస్టరాన్ హార్మోన్ వల్ల పేగుల కదలిక మందగించి మలం గట్టిపడుతుంది. ప్రసవంలో ముక్కడం వల్ల, ఆ తర్వాత కుట్లు తెగుతాయేమోనన్న భయంతో విరేచనాన్ని ఆపుకోవడం వల్ల చీలిక పడుతుంది, లేదా ఉన్నది ముదురుతుంది. నొప్పికి లోపలి కండరం బిగుసుకుంటుంది, బిగుసుకున్న కండరం వల్ల అక్కడికి రక్తప్రసరణ తగ్గి పుండు మానదు, ఆపుకున్న మలం మరింత గట్టిపడి మరునాడు అదే చోట మళ్లీ చీలుస్తుంది. కాబట్టి ఏ పూతమందు కొన్నా, మలం మెత్తబడనిదే ఫలితం నిలవదు.

రక్తం ఎక్కడిదో ముందు తేల్చుకోండి

గర్భిణి విషయంలో ఇది అన్నిటికన్నా ముందు జరగాలి. విరేచనంతోనే కనిపించి ఆగిపోయే రక్తం మలద్వారం నుంచి వచ్చేదే కావచ్చు. మూత్రానికి వెళ్లినప్పుడు గాని, లోదుస్తులమీద గాని రక్తం కనిపిస్తే అది యోని నుంచి వస్తున్నట్టే భావించి, అది ఎన్నో నెల అయినా సరే అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. అనుమానంగా ఉంటే శుభ్రమైన ప్యాడ్ పెట్టుకుని చూస్తే తెలుస్తుంది, అప్పటికీ తేలకపోతే ఇంట్లో ఊహించుకుంటూ కూర్చోకూడదు. బాలింతల్లో ఇంకో తికమక ఉంది. కుట్ల నొప్పి కూర్చున్నప్పుడల్లా, కదిలినప్పుడల్లా ఉంటుంది, ఫిషర్ నొప్పి మాత్రం విరేచనంతో మొదలై మెల్లగా తగ్గుతుంది. స్త్రీలలో చీలిక కొన్నిసార్లు ముందువైపు, అంటే కుట్లకు దగ్గరగానే పడుతుంది కనుక ఈ తేడాను డాక్టరుకు విడమరిచి చెప్పాలి.

పళ్లెం, నీళ్ల చెంబు

రోజుకు సుమారు 25 నుంచి 30 గ్రాముల పీచు, రెండున్నర నుంచి మూడు లీటర్ల నీరు అవసరం. పాలిష్ పట్టిన తెల్లన్నంలో పీచు చాలా తక్కువ. ఒక పూట జొన్నరొట్టె గాని, రాగి సంగటి గాని తిని, అన్నం తినే పూట అన్నం తగ్గించి తోటకూర పప్పు, బీరకాయ, సొరకాయ, గోరుచిక్కుడు కూరలను పెంచుకోవాలి. జామపండు మనకు చవకగా దొరికే మంచి పీచుపండు. రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్షను నీళ్లతో సహా ఉదయం తినవచ్చు గాని, గర్భంలో షుగర్ వచ్చినవారు డాక్టరును అడిగి తినాలి. పచ్చిమిర్చి కారం, ఆవకాయ ఫిషర్‌ను పుట్టించవు, కానీ మంటను పెంచుతాయి. మానేవరకు పక్కన పెట్టడం మంచిది.

అసలు చిక్కు కాన్పు తర్వాతి పత్యంతో వస్తుంది. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇస్తే పొట్ట పెరుగుతుందని, పిల్లకు జలుబు చేస్తుందని గుక్కలు లెక్కబెట్టి ఇచ్చే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మా ఇంట్లోనే మా వదినకు పదకొండు రోజులపాటు వేడన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి తప్ప కూర వేయలేదు, నీళ్లు చిన్న గ్లాసుతో పూటకొకటి. తొమ్మిదోరోజున ఆమె స్నానాలగదిలో ఏడ్చింది కుట్ల నొప్పితో కాదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పాలిచ్చే తల్లికి మామూలుకన్నా ఎక్కువ నీరు కావాలి, లేకపోతే పేగు మలంలోని నీటిని పీల్చేసుకుంటుంది. పెద్దవాళ్లతో వాదనకు దిగడం కన్నా మధ్యేమార్గం వెతకడం తేలిక. గోరువెచ్చని నీళ్లు, పప్పుకట్టు, పలుచని రాగిజావ, బీరకాయ పప్పు వంటివి ఏ అత్తగారూ కాదనరు. బిడ్డకు పాలిచ్చే ప్రతిసారీ ఒక గ్లాసు వెచ్చని నీళ్లు తాగడం అలవాటు చేసుకుంటే లెక్క దానంతటదే సరిపోతుంది.

ఐరన్ మాత్రను మానేయకుండా

60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్రను నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు రోజూ వేసుకోవాలని మన ప్రభుత్వ కార్యక్రమం చెబుతుంది. దానివల్ల మలం గట్టిపడటం, నల్లబడటం నిజమే. అయితే రక్తహీనతతో కాన్పుకు వెళ్లడం ఫిషర్‌కన్నా ఎంతో ప్రమాదకరం. మాత్ర పడటం లేదని ఆశా కార్యకర్తకో, డాక్టరుకో చెబితే వేరే రకం ఐరన్‌కు మార్చవచ్చు, అవసరమైతే సెలైన్ ద్వారా ఎక్కించవచ్చు. చాలామంది చేసేది మాత్రను చెత్తబుట్టలో వేసి, వేసుకున్నామని చెప్పడం, అదొక్కటీ చేయకండి.

మలాన్ని మెత్తబరిచే మందులు

ఆహారంతో మూడు నాలుగు రోజుల్లో తేడా రాకపోతే రాత్రి ఒకటి రెండు చెంచాల ఇసబ్‌గోల్ పొట్టును పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగి, పైన మరో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు చాలకపోతే ఆ పొట్టే లోపల గట్టిపడి బాధ పెంచుతుంది. ఐరన్ మాత్రకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. డాక్టరు సలహాతో వాడే లాక్టులోజ్ సిరప్ కూడా గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు క్షేమమైనదే. మొదట్లో కడుపు ఉబ్బరం ఉండవచ్చు. గర్భిణులు ఆముదం మాత్రం తాగకూడదు, అది గర్భాశయాన్ని కదిలించి నొప్పులు తెప్పించవచ్చు. సునాముఖి చూర్ణాలు కూడా ఎవరో చెప్పారని సొంతంగా వాడరాదు. కాన్పులో చీలిక మలద్వారపు కండరం వరకు వెళ్లి కుట్లు పడినవారు ఎనిమాను, లోపల పెట్టే మందులను డాక్టరు చెప్పకుండా తాకకూడదు.

మరుగుదొడ్డిలో

విరేచనం వస్తున్నట్టు అనిపించిన వెంటనే వెళ్లాలి, పది నిమిషాలకు మించి కూర్చోకూడదు, ముక్కకూడదు. కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్లు నడుముకన్నా ఎత్తులో ఉండేలా కొద్దిగా ముందుకు వంగాలి. కుట్లు పడినవారు శుభ్రమైన మెత్తని ప్యాడ్‌ను కుట్ల దగ్గర అరచేత్తో ఆనించి పట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది. మామూలు విరేచనానికి కుట్లు తెగిపోవు. తర్వాత నీళ్లతో కడుక్కుని, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దుకోవాలి.

వెచ్చని నీళ్ల టబ్బు

శుభ్రంగా కడిగిన వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో తుంటి మునిగేంత నీళ్లు పోసి, పసిపిల్ల స్నానానికి చూసినట్టే మోచేయి ముంచి చూడండి. హాయిగా అనిపించాలి గాని చురుక్కుమనకూడదు. ఉప్పు, డెటాల్, పసుపు ఏవీ అక్కర్లేదు. పది పదిహేను నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు, ముఖ్యంగా విరేచనం తర్వాత కూర్చుంటే బిగుసుకున్న కండరం సడలుతుంది. నెలలు నిండినవారు ఎవరినైనా దగ్గర ఉంచుకుని మెల్లగా లేవాలి. సిజేరియన్ అయినవారు పొట్టమీది గాయం తడవకుండా చూసుకోవాలి.

పూతలు, నొప్పి మాత్రలు

లిగ్నోకైన్ జెల్లీని విరేచనానికి ముందు కొద్దిగా అంచున రాస్తే నొప్పి తగ్గుతుంది, ఎన్నాళ్లు వాడాలో డాక్టరు చెప్పాలి. నైట్రోగ్లిజరిన్, డిల్టియాజెమ్ పూతలు మామూలు ఫిషర్ రోగులకు రాసేవే అయినా, గర్భిణులు, పాలిచ్చే తల్లులు పాత చీటీ చూపించి మందుల షాపులో కొనుక్కోకూడదు. నొప్పికి గర్భంలో పారాసిటమాల్ చాలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు గర్భంలో, ముఖ్యంగా అయిదో నెల దాటాక, బిడ్డకు హాని చేయవచ్చు. కాన్పయ్యాక పాలిచ్చే తల్లులకు ఐబుప్రొఫెన్‌ను డాక్టర్లు సాధారణంగానే ఇస్తారు. ట్రమడాల్ వంటివి మలబద్ధకాన్ని పెంచుతాయి, పాలలోకీ చేరతాయి.

ఎప్పుడు ఆగకూడదు

జ్వరం, చీము, పక్కన గట్టిగా వాపు, రక్తం ధారగా పడటం, కళ్లు తిరగడం వీటిలో ఏది ఉన్నా అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. కాన్పు తర్వాత గ్యాస్‌ను గాని, మలాన్ని గాని ఆపుకోలేకపోతే అది ఫిషర్ కాదు, కండరానికే దెబ్బ తగిలి ఉండవచ్చు. సిగ్గుపడి దాచే లక్షణాల్లో ఇదే మొదటిది, తొందరగా చెబితే బాగు చేయగలిగేది కూడా. కొత్త ఫిషర్ చాలావరకు ఆరు వారాల్లో మానుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటినా మానకపోతే సర్జన్‌ను కలవాలి. కాన్పులో ఆ కండరం అప్పటికే బలహీనపడి ఉండవచ్చు కాబట్టి, దాన్ని కొద్దిగా కోసే ఆపరేషన్‌కు బాలింతల విషయంలో సర్జన్లు తొందరపడరు. ఇంజెక్షన్‌తో మొలలు, ఫిషర్ మాయమని బస్టాండు గోడలమీద రాయించుకునేవారికి ఆ జాగ్రత్త ఉండదు. వాళ్ల దగ్గరికి వెళ్లకండి.

నొప్పి పోయిన మరునాడే ఇసబ్‌గోల్ డబ్బాను అటక ఎక్కించకుండా, మరో రెండు నెలలు వాడి మెల్లగా తగ్గించండి. మళ్లీ గర్భం వస్తే, మొదటిసారి పరీక్షకు వెళ్లినప్పుడే ఫిషర్ వచ్చిన సంగతి కార్డులో రాయించండి.