ఒక్కో షాటు బాగుంది, కలిపితే సీను అతకలేదు: తేడా ఎక్కడ కొట్టింది?

షూటింగ్ రోజు మానిటర్‌లో ప్రతి షాటూ బాగానే ఉంటుంది. రాత్రి ల్యాప్‌టాప్‌లో వరసగా పేర్చాక అసలు సంగతి బయటపడుతుంది. అప్పుడు చాలామంది ముందు కెమెరాని తిడతారు, తర్వాత కొత్త లెన్సు రేటు వెతుకుతారు. నేను చూసినంతలో తప్పు ఎక్కువగా కెమెరా పెట్టిన చోటులోనే దొరుకుతుంది. ఏ పక్కన పెట్టాం, ఎంత దూరంలో, ఎంత ఎత్తులో? షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్లు తరచూ చెప్పుకునే ఫిర్యాదులు కింద వాళ్ల మాటల్లోనే పెట్టాను.

"ఎదురెదురుగా కూర్చున్నా, ఇద్దరూ ఒకే గోడకేసి చూస్తున్నట్టుంది"

ఇది నాకూ జరిగింది. నా మొదటి షార్ట్ ఫిల్మ్‌లో తండ్రీకొడుకుల సీను, డైనింగ్ టేబుల్‌కి చెరో పక్క. పొద్దున్న తండ్రి షాట్లు బాల్కనీ వైపు నుంచి తీశాం. మధ్యాహ్నం కొడుకు షాట్లకి వచ్చేసరికి వెనకాల వంటింటి గట్టు మీద గిన్నెలన్నీ కనిపిస్తున్నాయని ట్రైపాడ్ ఎత్తి వంటింటి వైపు పెట్టాం. విడిగా చూస్తే ముచ్చటగా ఉంది. కలిపి చూస్తే ఇద్దరూ కుడివైపే చూస్తున్నారు. "నాన్నా, ఉద్యోగం మానేశాను" అని ఆ అబ్బాయి చెబుతున్నది నాన్నకో, పక్కింటాయనకో తెలియదు.

కారణం: మాట్లాడుకునే ఇద్దరినీ కలుపుతూ ఒక గీత ఉందనుకోండి. సెట్లో దీన్ని ఇమాజినరీ లైన్ అంటారు. 180 డిగ్రీల రూల్ అన్నా ఇదే. గీతకి ఒక పక్కనే కెమెరా ఉన్నంతసేపూ ఒకరు కుడికి, ఒకరు ఎడమకి చూస్తారు. గీత దాటిందా, ఎడమకి చూడాల్సిన మనిషి కుడికి తిరిగిపోతాడు. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ప్రధాన కెమెరాలన్నీ మైదానానికి ఒకే పక్కన ఉండేది ఇందుకే. మధ్యలో అవతలి పక్క నుంచి చూపిస్తే మన జట్టు మన గోల్‌కే పరిగెడుతున్నట్టుంటుంది.

షూటింగ్ రోజు చేయాల్సింది: ముందు ఇద్దరూ కనిపించే మాస్టర్ షాట్ తీయండి. నేల మీద టేపుతో గీత వేయండి (సిగ్గుపడకండి, ఎవరూ నవ్వరు). స్క్రిప్టు కాగితం మీద "తండ్రి లుక్ కుడి, కొడుకు లుక్ ఎడమ" అని రాసుకోండి. ఇక గీతకి మాస్టర్ షాట్ తీసిన పక్కనే కెమెరా ఎక్కడ పెట్టినా ఇబ్బంది లేదు. నేపథ్యంలో గిన్నెలు కనిపిస్తుంటే గిన్నెలు తీసేయండి, కెమెరాని కాదు. మూడో మనిషి వచ్చి కూర్చుంటే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో దాన్ని బట్టి గీత మారుతుంది. అందుకే ముగ్గురి సీన్లు కొత్తవాళ్లకి అంత టెన్షన్.

సజెషన్ షాట్లు కూడా తీసి పెట్టుకోండి. అంటే ఒకరి భుజం మీదుగా ఎదుటి మనిషిని చూపడం. నేను ఒక సెట్లో పనికి కుదిరిన మొదటి రోజు కెమెరామన్ "సజెషన్ పెట్టు" అంటే, నిజంగానే నా అభిప్రాయం చెప్పడం మొదలుపెట్టాను. తండ్రి భుజం ఫ్రేములో ఎడమ అంచున ఉంటే, తిప్పి తీసినప్పుడు కొడుకు భుజం కుడి అంచున ఉండాలి. రెండు భుజాలూ ఒకే అంచున వచ్చాయంటే గీత దాటారన్నమాట.

షూటింగ్ అయిపోయాక తెలిస్తే? రెండు షాట్ల మధ్య సరిగ్గా గీత మీద నుంచి, అంటే నటుడికి ఎదురుగా తీసిన షాటు ఏదైనా ఉంటే వేయండి. లేదంటే చేతులు, వస్తువులు చూపే ఇన్సర్ట్ వేయండి. కెమెరా కదులుతూ గీత దాటే షాటు ఉంటే ఇంకా మంచిది, ప్రేక్షకుడు కళ్లారా దాటుతాడు కాబట్టి తికమక ఉండదు. ఫ్లిప్ చేసేద్దాం, అంటే బొమ్మని అద్దంలోలా కుడి ఎడమలు మార్చేద్దాం అని ఒకరు తప్పక అంటారు. మేమూ చేశాం. కొడుకు చొక్కా జేబు కుడివైపుకి వెళ్లింది, గోడ మీద క్యాలెండర్ అంకెలు తిరగబడ్డాయి. జేబూ వాచీ పక్కపాపిడీ లేని మనిషి, అక్షరం లేని గోడ దొరికితేనే ఫ్లిప్ పనికొస్తుంది.

"కట్ దగ్గర మనిషి గెంతినట్టుంది"

నడుము దాకా ఉన్న మిడ్ షాట్ నుంచి ఛాతీ దాకా ఉన్న ఇంకో మిడ్ షాట్‌కి కట్ చేసి ఉంటారు, కెమెరా కూడా దాదాపు అక్కడే ఉండి ఉంటుంది. కన్ను దాన్ని కొత్త షాటుగా ఒప్పుకోదు, వీడియో ఆగి మళ్లీ మొదలైందనుకుంటుంది.

ఒకే మనిషి మీద రెండు షాట్లు వరసగా వేయాలంటే కెమెరా కనీసం 30 డిగ్రీలు పక్కకి జరగాలి, ఫ్రేములో మనిషి సైజు కూడా బాగా మారాలి. లాంగ్ నుంచి మిడ్, మిడ్ నుంచి క్లోజ్. పైగా నటుడు లేస్తున్నప్పుడో, గ్లాసు ఎత్తుతున్నప్పుడో కట్ చేస్తే చూపు కదలిక వెంట పోయి కట్‌ని పట్టించుకోదు. అందుకే ఆ లేవడం రెండు షాట్లలోనూ మొత్తం చేయించండి.

అయిపోయిన షూటింగ్ అయితే ఒక దారి ఉంది. ఫుటేజ్ 4కె లో తీసి, సినిమా 1080పి లో ఇస్తున్నారా? 3840 పిక్సెళ్ల వెడల్పులో మీకు కావలసింది 1920. అంటే ఫ్రేమును రెండింతలు పెద్దది చేసినా బొమ్మ చెడదు. మిడ్‌ని క్లోజ్ చేసేయండి. కొద్దిగా, మొహమాటంగా జూమ్ చేస్తే మాత్రం గెంతు అలాగే ఉంటుంది.

"క్లోజప్‌లో హీరోయిన్ ముక్కు పెద్దగా వచ్చింది, అమ్మాయి అలిగింది"

అలగాల్సిందే. ఫోన్ మెయిన్ కెమెరా మామూలుగా 24 నుంచి 26 ఎం.ఎం. వైడ్ లెన్సుతో సమానం. దాంతో ముఖం నిండా రావాలంటే దాదాపు ముఖం మీదకే వెళ్లాలి. ముక్కు కొనకీ చెవికీ మధ్య 12 సెంటీమీటర్ల దూరం అనుకుందాం. ఫోన్ 30 సెంటీమీటర్లలో ఉంటే ముక్కు 30లో, చెవి 42లో. చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దగా పడుతుంది. రెండు మీటర్ల దూరానికి జరిగితే 200కీ 212కీ తేడా 6 శాతమే. ముఖం ఆకారాన్ని మార్చేది దూరం. ఆ దూరం నుంచి ఫ్రేము నింపుకోవడానికే లెన్సు.

కాబట్టి వెనక్కి జరిగి ఫోన్‌లో 2ఎక్స్ లేదా 3ఎక్స్ జూమ్ వాడండి. గదిలో చోటు లేకపోతే తలుపు తీసి ట్రైపాడ్ కారిడార్‌లో పెట్టండి. అపార్ట్‌మెంట్లలో తీసే క్లోజప్‌లకి ఇంతకన్నా దారి లేదు. లిఫ్ట్ చప్పుడు మాత్రం చూసుకోవాలి. ఒక సంగతి గుర్తుంచుకోండి. వెలుతురు తక్కువైతే కొన్ని ఫోన్లు 3ఎక్స్ అని చూపిస్తూనే మెయిన్ కెమెరా బొమ్మనే కత్తిరించి ఇస్తాయి. టెలి లెన్సుకి (దూరానివి దగ్గరగా చూపేది) వేలు అడ్డం పెట్టండి. తెర నల్లబడకపోతే మీకు దొరుకుతున్నది ఆ కత్తిరింపే.

"అమ్మ పాత్ర బలమైనది అనుకున్నాం, తెర మీద జాలిగా ఉంది"

ఇది ఎవరూ పట్టుకోలేని తప్పు. అమ్మ కింద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కొడుకుని నాలుగు దులుపుతోంది. డైలాగు గట్టిది, ఆమె చెప్పిందీ బాగుంది. కానీ తీసినతను నిలబడి తీశాడు. ఐదడుగుల ఎత్తు నుంచి కిందికి చూస్తే ఆమె చిన్నదైపోయింది, నేల ఆమెను మింగేసింది. హై యాంగిల్ పెట్టాలని ఎవరూ అనుకోలేదు, కెమెరామన్ మోకాళ్లు వంచలేదు, అంతే.

ఐ లెవెల్ అంటే కెమెరా పట్టుకున్నవాడి కళ్ల ఎత్తు అనుకుంటారు. అది నటి కళ్ల ఎత్తు. ఆమె కూర్చుంటే కెమెరా కూడా కూర్చోవాలి. జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు ఇళ్లలో చాప మీద కూర్చునే మనుషుల కథలు తీశాడు. ఆయన కెమెరా దాదాపు ఎప్పుడూ ఆ చాపకి దగ్గరగా, కిందనే ఉండేది. నేల మీద కూర్చుని తినే ఇళ్లు మనవీ కాబట్టి అది మనకీ పనికొస్తుంది. ట్రైపాడ్ అంత కిందికి రాదంటే సగం నింపిన బియ్యం సంచి మీద ఫోన్ కూర్చోబెట్టండి, ఎటు వంచితే అటు నిలబడుతుంది.

"ఎంట్రీకి లో యాంగిల్ పెడితే ఫ్యాను హీరో అయింది"

కెమెరా కిందికి దిగితే సీలింగ్ ఫ్రేములోకి వస్తుంది. ట్యూబులైటు, ఫ్యాను, వైర్లు అన్నీ హీరో నెత్తి మీద మొలుస్తాయి. 1941లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'సిటిజన్ కేన్' కోసం దర్శకుడు ఆర్సన్ వెల్స్, ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలాండ్ కెమెరాను ఇంకా దించడానికి సెట్ నేలలో గొయ్యి చేయించారు, పైన గుడ్డతో సీలింగులు కట్టించారు. మనకి అంత వద్దు. కెమెరాని నేల మీద కాకుండా నడుము ఎత్తులో పెట్టండి, కొంచెం వెనక్కి జరగండి, లేదా హీరోని మేడ మీదకి తీసుకెళ్లండి, వెనక ఆకాశం ఉంటుంది.

ఫ్యాను తీసేసినా ఊపు రాకపోతే? దానికి ముందు షాట్లు చూడండి. అన్నీ లో యాంగిల్‌లే అయితే ఇది ప్రత్యేకం ఎలా అవుతుంది? ముందు రెండు షాట్లు ఐ లెవెల్‌లో ఉంచితే ఇది లేస్తుంది. క్లోజప్‌కీ ఇదే వర్తిస్తుంది. సీనంతా టైట్‌లోనే తీసేస్తే, కన్నీళ్లు వచ్చే మాట దగ్గర ఇంక దగ్గరికి వెళ్లడానికి చోటుండదు.

చిన్నవి రెండు

తల మీద బోలెడు ఖాళీ వస్తోందా? ముఖాన్ని ఫ్రేము నడిమధ్య పెడుతున్నారు. కళ్లను పైనుంచి మూడో వంతు దగ్గర ఉంచండి. పాన్ చేస్తుంటే, అంటే కెమెరాని పక్కకి తిప్పుతుంటే బొమ్మ ముక్కలుగా కొట్టుకుంటోందా? సెకనుకి 24 ఫ్రేముల్లో తీస్తూ వేగంగా తిప్పారు. ఒక స్తంభం ఫ్రేము ఈ అంచు నుంచి ఆ అంచుకి చేరడానికి సుమారు ఏడు సెకన్లు పట్టేలా తిప్పండి.

ప్యాకప్ చెప్పే ముందు

పది నిమిషాలు మిగుల్చుకుని ఇద్దరినీ పక్క నుంచి ఒక టూ షాట్, ఎవరూ మాట్లాడకుండా వింటున్న రియాక్షన్ చెరొకటి, టేబుల్ మీద వస్తువుల ఇన్సర్ట్‌లు తీయండి. మా తండ్రీకొడుకుల సీనుని చివరికి కాపాడింది అలాంటిదే, అదీ మేం కావాలని తీసింది కాదు. ఫోకస్ సరిచూసుకోవడానికి మా అసిస్టెంటు స్టీలు గ్లాసు మీద నాలుగు సెకన్లు రోల్ చేసి వదిలేశాడు. "ఉద్యోగం మానేశాను" తర్వాత ఆ గ్లాసు వేశాం. చూసినవాళ్లలో ఇద్దరు ముగ్గురు గ్లాసు షాటు భలే ఆలోచించారు అన్నారు. మేం నవ్వి ఊరుకున్నాం.